మా వదిన గొంతు మీద పందెం

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ మాట అన్నవాళ్ళెవరో మా పోర్ట్ గార్లిన్ వచ్చి మా వదినని చూసి ఉండరు. ఆవిడ నోరు ఎంత చెడ్డదో, మా ఊరి కౌన్సిల్ అంత హాయిగా, చీకూ చింతా లేకుండా, ఒక్క పనీ చెయ్యకుండా నిద్రపోయేది.

మా వదిన పేరు డల్సీ ట్రెగెన్జా. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. ముందు కంకర రోడ్డు, వెనక కొట్టుకుచచ్చే పిల్లలు, ఆ రెంటి మధ్యా తయారైన గొంతు అది. ఆవిడ రిటైరయింది గానీ గొంతు రిటైరవలేదు. రెండు వారాలకోసారి, మంగళవారం సాయంత్రం, ఆ గొంతేసుకుని కౌన్సిల్ సమావేశానికి బయల్దేరుతుంది. జనం కూర్చునే వెనక బెంచీల్లో మొదటి చోటు ఆవిడది. పక్కన టీ ఫ్లాస్కు పట్టుకుని నేను. నా పేరు ఐవీ. ఆవిడ మొగుడు పెర్స్ నాకు స్వయానా అన్నయ్య కాబట్టి, ఆవిణ్ని భరించడం నాకు పుట్టుకతో వచ్చిన హక్కు.

ఆవిణ్ని ఎవరూ నియమించలేదు. ఊరి సొమ్ము ఎవరు ఎక్కడ తగలేస్తున్నారో చూడటం తన పనని తనే అనుకుంది. చెప్పొద్దూ, ఆవిడ పట్టుకున్న తప్పు ఒక్కటి కూడా అబద్ధం కాలేదు. కొత్త బస్ షెల్టరు రోడ్డుకి వీపు పెట్టి కట్టారని కనిపెట్టింది ఆవిడే. మిగతా ఊరంతా అందులో కూర్చుని, సముద్రం భలే కనపడుతోందని మురిసిపోయింది.

"ఒరే క్లెమ్!" అని మొదలెట్టేది. "ఆ షెల్టర్లో కూర్చుంటే బస్సు కనపడదు, నీళ్ళు కనపడతాయి. బస్సేమైనా సముద్రంలోంచి ఈదుకుంటూ వస్తుందట్రా?"

క్లెమ్ రండల్ మా మేయరు. చిన్నప్పుడు ఆవిడ బస్సులో ముందు సీట్లో కూర్చుని ప్రతి మలుపులోనూ కక్కేవాడు. కౌన్సిల్లో ఉన్నవాళ్ళంతా ఏదో ఒక కాలంలో ఆ బస్సెక్కినవాళ్ళే. అందుకే ఆవిడకి వాళ్ళు మేయర్లూ సభ్యులూ కారు, ముక్కు తుడుచుకోవడం రాని వెధవలు.

"డల్సీ ఆంటీ, దయచేసి సభా మర్యాద పాటించండి."

"నీకు మర్యాద నేర్పింది నేనేరా, కిటికీలోంచి తల బయట పెట్టి కక్కమని!"

"ఆంటీ, ఇంక బయటికి నడవండి."

అంతే. జనం చప్పట్లు, ఈలలు. ఆవిడ తల ఎగరేసుకుంటూ బయటికి వెళ్ళేది, వెనక ఫ్లాస్కు పట్టుకుని నేను. షెల్టరు మటుకు ఇప్పటికీ సముద్రం వైపే చూస్తూ ఉంది.

షెల్టరుతో పోతే పోనీ అనుకోవచ్చు. అసలు బాధ ర్యాంపుది.

మా అన్నయ్య రొయ్యల పడవ మీద పనిచేసేవాడు. ఓ రోజు డెక్కు మీద జారిపడ్డాడు. నడుం దెబ్బతిని కాళ్ళు రెండూ చచ్చుబడ్డాయి. అప్పట్నుంచీ చక్రాల కుర్చీయే. అయితే బీచిలోకి దిగడానికి సిమెంటు ర్యాంపు ఒకటి ఉండేది. దాని మీదుగా కుర్చీ దింపి నడుం లోతు నీళ్ళల్లోకి తోస్తే, మా అన్నయ్య చేతులు చాపి వెల్లకిలా తేలిపోయేవాడు. "ఐవీ, ఇక్కడ నాకు కాళ్ళతో పనే లేదే" అని నవ్వేవాడు. ఒక చలికాలం తుఫానుకి ర్యాంపు కింది పలక కొట్టుకుపోయింది. కౌన్సిల్ వాళ్ళు నారింజరంగు ప్లాస్టిక్ అడ్డాలు పెట్టి, 'తాత్కాలికం' అని బోర్డు తగిలించి వెళ్ళారు. రెండు వేసవులు గడిచాయి. బోర్డు మీద అక్షరాలు ఎండకి వెలిసిపోయాయి గానీ అడ్డాలు కదల్లేదు. అడిగితే 'పరిశీలనలో ఉంది' అనేవాళ్ళు. మా అన్నయ్య వరండాలో కుర్చీని సముద్రం వైపు కాకుండా రోడ్డు వైపు తిప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. అది చూసినప్పుడల్లా వదిన గొంతు ఇంకో మెట్టు పైకెక్కేది. అది ఎంత పైకెక్కితే ఆవిడ అంత తొందరగా బయటికొచ్చేది.

ఇలా ఉండగా ఓ గురువారం వదినా నేనూ మాంసం కొట్టుకి వెళ్ళాం. ఆ కొట్టు కూల్మన్‌ది. వాళ్ళ తాతల నుంచీ అదే పని.

"ఏమయ్యా కూల్మన్, నిన్న మా ఆయన తెచ్చిన చాప్స్ నిండా కొవ్వే!" అంది వదిన.

"పందెంలో గెల్చుకున్న మాంసానికి కూడా వంకలు పెడతావా డల్సీ?" అన్నాడు వాడు కత్తి నూరుకుంటూ.

"ఏం పందెం?"

కూల్మన్ నా వంక చూశాడు. నేను సాసేజుల వంక చూశాను. ఇంక దాచి లాభం లేదని వాడికి తెలిసిపోయింది పాపం.

సంగతేమిటంటే, మా ఊరి పబ్‌లో ప్రతివారం మాంసం పళ్ళెం మీద చీట్లు తీస్తారు. చాప్స్, సాసేజులు, ఓ గొర్రె తొడ పెట్టిన పెద్ద పళ్ళెం. ఇది ఎక్కడైనా ఉన్నదే. కానీ కౌన్సిల్ సమావేశం ఉన్న వారం మటుకు చీటీల మీద అజెండాలోని అంశాల అంకెలు ఉంటాయి. మంగళవారం మధ్యాహ్నం టోపీలోంచి తలా ఒకటి తీసుకుంటారు. ఎవరికి ఏ అంకె వచ్చిందో పబ్‌లో నల్లబల్ల మీద రాస్తారు. ఏ అంశం నడుస్తుండగా డల్సీ ట్రెగెన్జాని బయటికి గెంటుతారో, ఆ అంకె ఉన్నవాడిది పళ్ళెం.

వదిన ఇంటికి వచ్చేదాకా నోరు విప్పలేదు. మూగనోము పట్టినట్టు ఆవిడ అన్ని వీధులు నడవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. గుమ్మంలో అడుగు పెట్టాక పేలింది.

"నా నోరు అమ్ముకుని కూర వండించుకు తింటున్నావట్రా పెర్స్! ఆ చాప్స్ వేయించింది కూడా నేనే కదా, సిగ్గు లేదూ?"

"వేయించావు, రెండోసారి వడ్డించుకున్నావు కూడా" అన్నాడు మా అన్నయ్య. ఆయన నోరు కూడా తక్కువదేం కాదు. అంతలోనే ఆ మొహంలో నవ్వు పోయింది. "నువ్వు ఇన్నాళ్ళు అరిచినందుకు ఏమొచ్చిందే మనకి? ర్యాంపు రాలేదు. కనీసం చాప్స్ అయినా వచ్చాయి."

ఆ మాట వదినకి చెంపదెబ్బలా తగిలింది. గబగబా నా వైపు తిరిగింది.

"క్లెమ్ కూడా చీటీ తీస్తాడటే?"

"తీస్తాడు వదినా. తన అంకె వచ్చేదాకా నీ తిట్లన్నీ ఓపిగ్గా వింటాడు. రాగానే గెంటుతాడు. మధ్యలో ఓపిక చచ్చిందా, పళ్ళెం ఇంకొకడికి పోతుంది."

"అదా! వాడికి ఓపిక పెరిగిందని, పెద్దవాడయ్యాడని మురిసిపోయాను కదే!" అని కుర్చీలో కూలబడింది. "మరి నేను చెప్పేది ఎవరూ వినరా?"

"నువ్వు చెప్పేదాంట్లో తప్పేం లేదు వదినా. కానీ నువ్వు లేవగానే అందరూ అజెండా కాగితం చూసుకుంటారు. నీ మాట ఎవరి చెవికీ ఎక్కదు."

నాకు బాధేసింది, నిజం. ముప్పై ఏళ్ళు ఊరి పిల్లల్ని ఒక్కణ్ని కూడా కింద పడనివ్వకుండా తీసుకెళ్ళిన మనిషిని, వాళ్ళు పెద్దయ్యాక కోతి ఆటలా చూస్తున్నారు. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆవిడ ఏడవలేదు. చాలాసేపు బల్ల మీద వేలితో గీతలు గీసింది. తర్వాత అడిగింది: "ఐవీ, నన్ను ఎవరూ గెంటకపోతే ఆ పళ్ళెం ఏమవుతుంది?"

"తర్వాతి సమావేశానికి కలుస్తుంది. అలా ఇంతవరకూ ఎప్పుడూ జరగలేదులే."

వదిన మొహం మీద మెల్లగా ఒక నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి మా అన్నయ్య కుర్చీ రెండడుగులు వెనక్కి తిప్పుకున్నాడు.

తర్వాతి సమావేశం నాడు ఆవిడ చావులకి పెట్టుకునే నల్ల టోపీ పెట్టుకుని, చేతులకి తొడుగులేసుకుని, కొబ్బరిపొడి అద్దిన చాక్లెట్ కేకు ముక్కలు ఓ పళ్ళెం నిండా పట్టుకుని సభలోకి నడిచింది. ముందు వరసలో వాళ్ళు ఎవరు పోయారని నన్నడిగారు. ప్రశ్నల సమయం రాగానే లేచి నిలబడింది.

"గౌరవనీయులైన మేయర్ గారూ," అంది, తేనెలో ముంచి తీసినట్టు. "తమరు అనుమతిస్తే ఒక చిన్న సందేహం అడుగుతానండీ."

క్లెమ్ మొహం పాలిపోయింది. మీకు అర్థం కావాలంటే మా ఊరి సంగతి చెప్పాలి. మా ఊళ్ళో తిట్టుకున్నారంటే స్నేహితులు. ఒకణ్నొకడు గాడిదకొడకా అనుకుంటూ కలిసి చేపలు పట్టుకుంటారు. ఎవరైనా 'గారూ' అన్నారంటే అది కోర్టులోనైనా అయి ఉండాలి, శవపేటిక పక్కనైనా అయి ఉండాలి. పట్నం నుంచి వచ్చిన ముఖ్య అధికారి వేకర్లీ వెంటనే ముందుకి వంగి, "లాయర్ని పెట్టుకుందా?" అని క్లెమ్‌ని అడగడం నాకు బెంచీ దాకా వినపడింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, సభ్యులందరూ ముందున్న కాగితాలు సర్దుకోవడం మొదలెట్టారు.

"అ...అడగండి ఆంటీ."

"బీచి ర్యాంపు దగ్గర అడ్డాలు ఎప్పుడు తీస్తారండీ?"

"అది పరిశీలనలో ఉంది."

"చాలా సంతోషమండీ. పరిశీలిస్తున్న వారి పేరు చెబితే, పాపం రెండేళ్ళుగా పరిశీలించి అలిసిపోయి ఉంటారు, ఒక కేకు ముక్క ఇచ్చి వస్తాను."

క్లెమ్ వేకర్లీ వంక చూశాడు. వేకర్లీ కాగితాల వంక చూశాడు. కాగితాల్లో ఏ పేరూ లేదు. వెనక బెంచీల్లో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు మా వదిన మీద కాదు.

"కనుక్కుని చెబుతామండీ" అన్నాడు వేకర్లీ.

"తమరి దయ" అని కూర్చుని, సంచీలోంచి ఊలు తీసి అల్లుకోవడం మొదలెట్టింది. చివరి అంశం దాకా కిమ్మనలేదు. క్లెమ్ తన అంకె వచ్చినప్పుడు రెండుసార్లు దగ్గాడు, కావాలని మైకు కింద పడేశాడు. ఆవిడ తల ఎత్తలేదు. ఆ రోజు పళ్ళెం ఎవరికీ పోలేదు.

తర్వాతి సమావేశంలో కూడా అదే టోపీ, అదే ప్రశ్న. "పేరు కనుక్కుంటామన్నారండీ, దొరికిందాండీ?" దొరకలేదు. ఆ తర్వాతి దాంట్లో, "పరిశీలించేవారు ఇంకా పుట్టలేదేమోనని బెంగగా ఉందండీ, పుట్టాక కబురు చేస్తారా?" ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. పెంచకపోగా తగ్గించింది. ఆవిడ ఏమంటుందోనని జనం ముందుకి వంగి వినాల్సి వచ్చేది. నేనొకటి గమనించాను. ఆవిడ అరిచినప్పుడు జనమంతా ఆవిడ వంక చూసేవాళ్ళు. మెల్లగా అడిగేసరికి, జవాబు చెప్పాల్సినవాడి వంక చూడటం మొదలెట్టారు.

ఇంట్లో మటుకు ఆవిడ పడ్డ బాధ పగవాడిక్కూడా వద్దు. రాగానే టోపీ విసిరికొట్టి, పెరట్లోకి పరిగెత్తి కోళ్ళ మీద అరిచేది. ఆ కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి.

"ఇంకొన్నాళ్ళు ఇలా తియ్యగా మాట్లాడితే నా పళ్ళు పుచ్చిపోతాయే ఐవీ. ఆ క్లెమ్ గాడి మొహం చూస్తే 'ఒరే' అనేది పెదాల దాకా వస్తోంది, మింగుతున్నాను. కడుపులో మంట."

"మింగు వదినా, పోయేదేముంది. పబ్ అంతా అల్లాడిపోతోంది."

అల్లాడటమంటే మామూలు అల్లాడటమా! పళ్ళేలు కూల్మన్ చల్లగదిలో పేరుకుపోతున్నాయి. జన్మలో కౌన్సిల్ గుమ్మం తొక్కనివాళ్ళు కూడా సమావేశాలకి వచ్చి కూర్చుంటున్నారు. ఆవిణ్ని రెచ్చగొట్టాలని మా గేటుకి అడ్డంగా ఎవడో ట్రాక్టరు నిలబెట్టాడు. "పర్వాలేదు నాయనా, చుట్టు తిరిగి వెళ్తాను, నడక మంచిదేగా" అంది. వాడు భయపడి అప్పటికప్పుడు ట్రాక్టరు తీసేసి, క్షమించమని కూరగాయలు కూడా తెచ్చిచ్చాడు. క్లెమ్ వీధిలో కనపడితే చాలు, జనం వాడి మీద పడేవాళ్ళు.

"ఏరా క్లెమ్, ఆవిణ్ని ఎప్పుడు గెంటుతావు?"

"దేనికని గెంటనురా? గారూ అన్నందుకా?"

"అయితే ఆ ర్యాంపు బాగుచేసి చావరాదూ? అప్పుడైనా మళ్ళీ మామూలు మనిషవుతుంది."

అలా ర్యాంపు మాట మొదటిసారి మా వదిన నోటి నుంచి కాకుండా ఊరి నోటి నుంచి వచ్చింది.

నాలుగో సమావేశం నాటికి ఎండలు ముదిరాయి, వేసవి గుమ్మంలోకి వచ్చింది. ఆ మధ్యాహ్నం పబ్‌లో చీటీలు తీశారు. క్లెమ్‌కి ఐదు వచ్చింది. మా అన్నయ్యకి తొమ్మిది. నల్లబల్ల మీద రాశారు, ఊరంతా చూసింది. సాయంత్రానికి సభలో నిలబడటానికి చోటు లేదు. మా అన్నయ్య కూడా కుర్చీలో వచ్చి తలుపు పక్కన కూర్చున్నాడు.

సభ మొదలవగానే క్లెమ్ గొంతు సవరించుకుని, "అత్యవసరంగా ఒక అంశం చేరుస్తున్నాను," అన్నాడు. "బీచి ర్యాంపుని శాశ్వతంగా తొలగించి, ఆ స్థలంలో బండరాళ్ళు పరిచే తీర్మానం. ఇది ఐదో అంశంగా వస్తుంది."

మా అన్నయ్య వంక చూశాను. ఆయన చేతులు కుర్చీ చక్రాల మీద బిగుసుకుపోయాయి. క్లెమ్ నిజంగా రాళ్ళు వెయ్యాలనుకున్నాడని నేననుకోను. వాడు చెడ్డవాడు కాడు, ఆశపోతు, అంతే. డల్సీ ట్రెగెన్జాని పేల్చాలంటే ఇంతకంటే పెద్ద నిప్పు లేదని వాడి లెక్క. ఆవిడ పేలగానే గెంటడం, పళ్ళేలన్నీ ఇంటికి మోసుకుపోవడం, తర్వాత తీర్మానం వెనక్కి తీసుకోవడం. కానీ ఓటింగుకి పెట్టింది ఎక్కడ ఆగుతుందో ఎవరికి తెలుసు? పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

ఐదో అంశం వచ్చింది. వదిన ఊలు పక్కన పెట్టింది. ఆవిడ మెడ మీద నరాలు తాళ్ళలా ఉబ్బాయి. "వదినా, మింగు" అని చెయ్యి నొక్కాను. ఆవిడ లేచింది.

"మేయర్ గారూ, ఒక్క మాట అడగవచ్చాండీ?"

"తప్పకుండా! ఎంతసేపైనా మాట్లాడండి ఆంటీ, ఎలాగైనా మాట్లాడండి!" అన్నాడు క్లెమ్. వాడి కళ్ళల్లో గొర్రె తొడ కనపడింది నాకు.

"సభ్యులకి ఏదైనా అంశంలో సొంత ప్రయోజనం ఉంటే, అది బయటపెట్టి, ఆ అంశం అయ్యేదాకా బయటికి వెళ్ళి కూర్చోవాలని నియమం ఉందని విన్నానండీ. నిజమేనాండీ?"

"నిజమే" అన్నాడు వేకర్లీ, పాపం వాడికేం తెలీక.

"మరి ఈ ఐదో అంశంలో మేయర్ గారికి సొంత ప్రయోజనం ఏమీ లేదు కదండీ?"

వెనక బెంచీల్లోంచి కూల్మన్ గొంతు ఖంగుమంది. "ఉంది! మొత్తం నాలుగు పళ్ళేలు! నా చల్లగదిలో ఉన్నాయి!"

ఇంక చూడండి నవ్వులు! కప్పు ఎగిరిపోయిందనుకున్నాను. "ఐదు నీదేరా క్లెమ్! నల్లబల్ల మీద ఉందిరా!" అని అరుపులు. వేకర్లీ నియమాల పుస్తకం గబగబా తిరగేశాడు. "ప్రయోజనం అంటే... అందులో మాంసం కూడా వస్తుందా?" అని గొణిగాడు.

"కిలోల లెక్కన వస్తుందండీ" అంది మా వదిన వినయంగా.

క్లెమ్ చెవులు కూడా ఎర్రబడ్డాయి. లేచి, ఎవరి మొహం చూడకుండా, బెంచీల మధ్య నుంచి బయటికి నడిచాడు. అన్నేళ్ళూ ఆ దారిన మా వదిన నడిచేది. తలుపు దగ్గర మా అన్నయ్య కుర్చీ పక్కకి జరిపి, "జాగ్రత్తరా బాబూ, మలుపుంది" అన్నాడు.

ఉపమేయర్ షిర్మర్ వచ్చి క్లెమ్ కుర్చీలో కూర్చుంది. ఆవిడ మాంసం తినదు, అందుకే సభ్యుల్లో చీటీ తియ్యనిది ఆవిడొక్కతే. వదిన ఇంకా కూర్చోలేదు. మిగతా సభ్యుల వంక ఒక్కొక్కరినే చూస్తూ, "మిగతా వారిలో ఎవరికైనా...?" అని మెల్లగా మొదలుపెట్టింది, అంతే, పూర్తిచెయ్యలేదు. రాళ్ళు వద్దని ఒకడు అన్నాడు. ర్యాంపు బాగుచెయ్యాలని ఇంకొకడు. బడులకి సెలవులిచ్చేలోపే చెయ్యాలని మూడోవాడు. చేతులెత్తమనేసరికి అందరి చేతులూ వాటంతటవే లేచాయి. తలుపు దగ్గర మా అన్నయ్య కూడా చెయ్యెత్తాడు. ఆయనకి ఓటు లేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

నేను ఏడ్చేశాను. ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని దాని వెనక మొహం దాచుకున్నాను.

క్లెమ్ తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆరు, ఏడు, ఎనిమిది జరిగిపోయాయి. జనం ఇంక ఏముంటుందిలే అని లేవడం మొదలెట్టారు. తొమ్మిదో అంశం చెత్తడబ్బాల మూతలకి ఏ రంగు వెయ్యాలనేది. క్లెమ్ అది చదువుతుండగా మా వదిన చేతి తొడుగులు విప్పింది. టోపీ తీసి నా ఒళ్ళో పడేసింది.

"ఒరే క్లెమ్!"

కిటికీ అద్దాలు గడగడలాడాయి. లేచినవాళ్ళు లేచినట్టే నిలబడిపోయారు. క్లెమ్‌కి ముందు ప్రాణం లేచొచ్చింది. తర్వాత నల్లబల్ల గుర్తొచ్చింది. తొమ్మిది ఎవరిదో గుర్తొచ్చింది.

"మాట్లాడండి ఆంటీ," అన్నాడు చెమటలు తుడుచుకుంటూ. "ప్రజలకి మాట్లాడే హక్కుంది. నేనేమీ అనుకోను."

"అనుకోవట్రా? ఊళ్ళో ఉన్న చెత్తంతా ఈ బల్ల చుట్టూ కూర్చుంటే ఇంక డబ్బాలెందుకురా? వాటికి మూతలెందుకురా? ముందు నీ నోటికి వేయించరా మూత!"

"మంచి సూచన. నమోదు చేస్తాం."

"ఆ వేకర్లీకి వేయించరా ఎర్రది, దూరం నుంచి తెలుస్తుంది!"

"అదీ పరిశీలిస్తాం."

కోపం వచ్చేకొద్దీ వాడు మర్యాద పెంచుతున్నాడు. పళ్ళు కొరుకుతూ గారూ, తమరూ అంటున్నాడు. నాకు నవ్వాగలేదు, ఇద్దరూ గొంతులు మార్చుకున్నట్టుంది. చివరికి వదిన రెండడుగులు ముందుకేసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏడేళ్ళప్పుడు బస్సులో నన్ను పట్టుకుని ఏడ్చావు, గుర్తుందా? పెద్దయ్యాక నిన్నే పెళ్ళి చేసుకుంటానన్నావు. ఎందుకో చెప్పమంటావా మీ ఆవిడ ముందు? రోజూ హారన్ నొక్కుకోవచ్చని!"

క్లెమ్ పెళ్ళాం రెండో వరసలో పడీ పడీ నవ్వుతోంది.

"బయటికి!" అని గావుకేక పెట్టాడు క్లెమ్. "డల్సీ ట్రెగెన్జా, ఈ క్షణమే బయటికి!"

అలాంటి చప్పట్లు ఆ హాలు మళ్ళీ వినలేదు. వదిన మహారాణిలా నడుచుకుంటూ వచ్చి మా అన్నయ్య కుర్చీ పట్టుకుంది. "పద, మాంసం తెచ్చుకుందాం" అంది.

ఆ మాంసమంతా మేమే తినలేదు లెండి. ర్యాంపు పూర్తయిన ఆదివారం బీచిలో పొయ్యిలు పెట్టించి, ఊరందరికీ పెట్టింది. సాసేజులు తిప్పింది కూల్మన్. కుర్చీ ర్యాంపు మీదుగా దింపింది ఎవరనుకున్నారు, క్లెమ్. లాగు మోకాళ్ళ దాకా మడుచుకుని, నీళ్ళల్లోకి దిగి, మా అన్నయ్యని రెండు చేతుల్తో ఎత్తి వదిలాడు. అన్నయ్య చేతులు చాపాడు. వెల్లకిలా తేలాడు. కళ్ళు మూసుకున్నాడు. వదిన మోకాటి లోతు నీళ్ళల్లో గౌను తడుపుకుంటూ నిలబడి ఏడుస్తోంది. దాచుకోవాలని కూడా చూడలేదు.

కాసేపటికి మా అన్నయ్య చేతుల్తో నీళ్ళు తోసుకుంటూ లోపలికి, ఇంకా లోపలికి పోవడం మొదలెట్టాడు.

"ఒరే పెర్స్! అంత దూరం పోకు! వినపడుతోందా?" అని అరిచింది వదిన. గట్టు మీద సముద్రపు కొంగలన్నీ లేచిపోయాయి. మా అన్నయ్య చెవిన పడనట్టే ఇంకో బార వేశాడు. "నిన్నేరా ముసలి గాడిదా!" ఇంకో బార.

వదిన ఆగింది. కళ్ళు తుడుచుకుంది. నా వంక చూసి కన్నుగీటి, చాలా మెల్లగా, చాలా మర్యాదగా అంది:

"పెర్స్ గారూ, తమరు కాస్త ఇటు దయచేస్తారాండీ?"

మా అన్నయ్య గిరుక్కున వెనక్కి తిరిగి, ఎంత వేగంగా ఒడ్డుకొచ్చాడంటే, కాళ్ళున్నవాళ్ళెవరూ అలా ఈదలేరు.